టెక్ సందేహాలు: టెర్మినల్ నేర్చుకోవాలంటే కమాండ్లన్నీ బట్టీ పట్టాలా?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటి నుంచి పాత ల్యాప్‌టాప్‌ల్లో లినక్స్ (విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నవాళ్ల ప్రశ్నలు నాకు ఎక్కువగా వస్తున్నాయి. ఈసారి అవే తీసుకున్నాను. టెర్మినల్ అంటే కమాండ్లు టైప్ చేసి కంప్యూటర్‌తో పని చేయించే విండో. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు కమాండ్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కలేదు. మా సీనియర్ ఉబుంటు లినక్స్ వేసిచ్చి, టెర్మినల్ కూడా నేర్చుకోమన్నారు. 200 కమాండ్ల లిస్ట్ ప్రింట్ తీసుకుని రోజుకు పది చదువుతున్నాను. పొద్దున చదివింది రాత్రికి గుర్తుండటం లేదు. నాకిది వస్తుందా సర్? – డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

తప్పకుండా వస్తుందమ్మా. ముందు ఆ లిస్ట్ పక్కన పెట్టేయండి. ఎక్కాలైతే బట్టీ పట్టొచ్చు గానీ, కమాండ్లు అలా తలకెక్కవు. పని పడినప్పుడు వాడిందే గుర్తుంటుంది.

మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సంగతి చూద్దాం. క్లాస్ నోట్స్, హాల్ టికెట్లు, పాటలు అన్నీ అందులోనే కలిసిపోయి ఉంటాయి కదా. ఈ వారం దాన్ని మౌస్ ముట్టుకోకుండా సర్దండి. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. 'పీడబ్ల్యూడీ' కొడితే మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చెబుతుంది. 'ఎల్‌ఎస్' కొడితే అక్కడ ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. 'సీడీ' కొట్టి, స్పేస్ ఇచ్చి, డౌన్‌లోడ్స్‌లో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి. మిగతా పేరు అదే నింపుతుంది. ఒక్కటి చూసుకోండి, అందులో డీ పెద్ద అక్షరం. లినక్స్‌కి పెద్ద డీ వేరు, చిన్న డీ వేరు. ట్యాబ్ అలవాటైతే స్పెల్లింగ్ తప్పులు చాలావరకు పోతాయి.

ఇప్పుడు 'ఎమ్‌కేడిర్'తో నోట్స్ అని ఫోల్డర్ చేయండి. తర్వాత 'ఎమ్‌వీ', స్పేస్, స్టార్ గుర్తు, దానికి ఆనుకుని చుక్క, పీడీఎఫ్, మళ్లీ స్పేస్, నోట్స్. ఎంటర్ కొట్టగానే పీడీఎఫ్‌లన్నీ ఒకేసారి అందులోకి వెళ్లిపోతాయి. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొడతారు. టెర్మినల్‌లో మాటేమీ రాకపోతే పని అయిందనే అర్థం. తేడా వస్తేనే అది మాట్లాడుతుంది. 'అలాంటి ఫైల్ లేదు' అంటే పేరో చోటో తప్పు. 'పర్మిషన్ లేదు' అంటే ఆ పనికి మీకు అనుమతి లేదు, చాలాసార్లు అది మీ ఫైల్ కాదు. 'కమాండ్ దొరకలేదు' అంటే స్పెల్లింగ్ తప్పు, లేదా ఆ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కాలేదు. 200 కమాండ్ల కంటే ఈ మూడు మెసేజ్‌లు చదవడం ముందు నేర్చుకోండి.

రెండో వారం పైప్ మొదలుపెట్టండి. కీబోర్డ్‌లో నిలువు గీత ఉంటుంది, అదే పైప్. ఒక కమాండ్ ఇచ్చిన జవాబును ఇంకో కమాండ్‌కి అందిస్తుంది. 'ఎల్‌ఎస్' తర్వాత పైప్ పెట్టి 'డబ్ల్యూసీ మైనస్ ఎల్' కొడితే ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క వస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ల్రాయ్‌కి వచ్చిన ఆలోచన ఇది. 1973లో కెన్ థాంప్సన్ దీన్ని లినక్స్‌కి ముందుతరమైన యునిక్స్‌లో పెట్టారు. చిన్న చిన్న కమాండ్లను ఇలా కలుపుకుంటూ పోవడంలోనే టెర్మినల్ బలమంతా ఉంది. అది ఒకసారి చేతికి అందితే మీరే కొత్త కొత్త పనులు వెతుక్కుంటారు.

ఏదైనా మర్చిపోతే 'మ్యాన్' కొట్టి పక్కన కమాండ్ పేరు ఇవ్వండి, దాని మాన్యువల్ తెరుచుకుంటుంది. బయటికి రావడానికి క్యూ నొక్కాలి. పదిహేను రోజులయ్యాక 'హిస్టరీ' కొట్టి చూడండి. అందులో మాటిమాటికీ కనిపించేవి ఓ పాతిక ఉంటాయేమో, వాటిని నోట్‌బుక్‌లో రాసుకోండి. మీకు పనికొచ్చే లిస్ట్ అదే.

'సూడో ఆప్ట్ అప్‌డేట్' కొడితే పాస్‌వర్డ్ అడుగుతోంది. కానీ టైప్ చేస్తుంటే ఏమీ పడటం లేదు, చుక్కలు కూడా రావడం లేదు. కీబోర్డ్ పాడైందా? – చిరు వ్యాపారి, అనంతపురం

టెన్షన్ పడకండి, కీబోర్డ్ బాగానే ఉంది. 'సూడో' అంటే అడ్మిన్ హక్కులతో పని చేయించడం, అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. పక్కనున్నవాళ్లకి పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో కూడా తెలియకూడదని అలా దాస్తుంది. మింట్ లాంటి కొన్ని లినక్స్ రకాల్లో మాత్రం స్టార్ గుర్తులు కనిపిస్తాయి. పూర్తిగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. పాస్‌వర్డ్‌లో అంకెలుంటే నమ్‌లాక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

మాకు కంప్యూటర్ లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంది. కమాండ్లు ప్రాక్టీస్ చేయొచ్చా? – ఇంటర్ విద్యార్థి, ఆదిలాబాద్

నిక్షేపంగా చేయొచ్చు. ఎఫ్‌డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకోండి. ఫోన్ రూట్ చేయనక్కర్లేదు. పైన చెప్పిన కమాండ్లు చాలావరకు అందులో పనిచేస్తాయి. సూడో అవసరమైన పనులు మాత్రం కుదరవు. మామూలు కీబోర్డ్, ఓటీజీ కేబుల్ తగిలిస్తే వేళ్లకి హాయిగా ఉంటుంది.

పెళ్లి ఫొటోల ఫోల్డర్‌లో జేపీజీలు మాత్రమే తీసేద్దామని 'ఆర్‌ఎమ్' కొట్టాను. రా ఫైళ్లు (కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్లు) కూడా పోయాయి. చివర్లో 'డాట్ జేపీజీ అనే ఫైల్ లేదు' అని వచ్చింది. ట్రాష్‌లో కూడా లేవు. దయచేసి దారి చూపండి. – ఫొటోగ్రాఫర్, విశాఖపట్నం

చాలా బాధ కలిగింది. ఏం జరిగిందో ఆ చివరి మెసేజే చెబుతోంది. స్టార్‌కీ చుక్కకీ మధ్య స్పేస్ పడింది. అప్పుడు స్టార్ ఒక్కటీ వేరైపోయి 'ఇక్కడున్న ఫైళ్లన్నీ' అనే అర్థం వస్తుంది. అవన్నీ తుడిచేశాక మిగిలిన 'డాట్ జేపీజీ' కోసం వెతికి, అది లేదని చెప్పింది.

ముందు ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకండి. కంప్యూటర్ ఆపేయండి. కెమెరా మెమరీ కార్డ్‌ని ఇంకా వాడకపోతే అలాగే పక్కన పెట్టండి, మొదటి ఆశ దాని మీదే. మామూలుగా ఫార్మాట్ చేసినా, దాని మీద కొత్త ఫొటోలు తీయకపోతే చాలావరకు తిరిగొస్తాయి. ఇంకో కంప్యూటర్‌లో లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) తయారుచేసుకుని, దానితో బూట్ చేసి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. కార్డ్ మీదైనా, ఆ డిస్క్ మీదైనా అది పనిచేస్తుంది. దొరికినవాటిని తప్పనిసరిగా వేరే డిస్క్‌లో సేవ్ చేయాలి. పాత పేర్లు రావు, ఫొటోలు వస్తాయి. మీది ఎస్‌ఎస్‌డీ అయితే ఆలస్యం చేయొద్దు. ఖాళీ అయిన చోటును ఉబుంటు వారానికోసారి శుభ్రం చేయిస్తుంది. ఆ తర్వాత దొరకడం కష్టం.

ఇకమీదట ఆర్‌ఎమ్ కొట్టే ముందు అదే గుర్తులతో 'ఎల్‌ఎస్' కొట్టి చూడండి. తీసేయాలనుకున్నవే కనిపిస్తే పై బాణం నొక్కి, ఎల్‌ఎస్ చోట ఆర్‌ఎమ్ పెట్టండి. లేదంటే 'జీఐఓ ట్రాష్' వాడండి, అది ట్రాష్‌లోకే పంపుతుంది.

స్కాన్ చేసిన పాత పద్యాల ఫైళ్లకు పద్యంలో మొదటి రెండు పాదాలూ పేరుగా పెడుతున్నాను. కొన్నింటికి 'పేరు మరీ పొడవు' అని ఒప్పుకోవడం లేదు. టెర్మినల్‌లో వత్తులు, గుణింతాలు చెదిరిపోతున్నాయి. – విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు, తెనాలి

మాస్టారూ, మీ ఫైళ్లకేమీ కాలేదు. టెర్మినల్ స్క్రీన్‌ని సమానమైన గళ్లుగా విడగొట్టి, గడికో అక్షరం చొప్పున పెడుతుంది. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది. మన వత్తులకీ గుణింతాలకీ సరిపోదు. చూపించడంలోనే లోపం, లోపల అక్షరాలు భద్రంగా ఉన్నాయి.

ఇక పొడవు సంగతి. 'ఎకో' కొట్టి పక్కన 'అమ్మ' ఇచ్చి, పైప్ పెట్టి, 'డబ్ల్యూసీ మైనస్ సీ' కొట్టండి. 13 వస్తుంది, అది బైట్ల లెక్క (బైట్ అంటే కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే చిన్న కొలత). అందులో ఒకటి ఎకో చివర్లో చేర్చే కొత్త లైన్‌ది, మిగతా 12 బైట్లూ 'అమ్మ'వే. మనం చదివేది రెండక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది అ, మ, పొల్లు, మళ్లీ మ, మొత్తం నాలుగు, ఒక్కోటి మూడు బైట్లు. లినక్స్‌లో ఫైల్ పేరుకి మామూలుగా 255 బైట్లే హద్దు. అంటే ఇంగ్లిష్‌లో 255 అక్షరాలు పడితే, తెలుగులో గుణింతాలూ పొల్లులూ విడివిడిగా లెక్కపెట్టి 85 మాత్రమే పడతాయి. ఉత్పలమాలలో రెండు పాదాలు రాస్తే చాలాసార్లు దాటిపోతుంది.

అందుకని ఫైళ్లకు 001, 002 అని అంకెలు పెట్టండి. ఒక టెక్స్ట్ ఫైల్‌లో అంకె, పక్కనే పద్యం మొత్తం రాసుకోండి. వెతకడానికి 'గ్రెప్' ఉంది. యునిక్స్‌కి గ్రెప్ రాసింది పైన చెప్పిన కెన్ థాంప్సనే. ఇవాళ మన తెలుగు కంప్యూటర్‌లో నిలవడానికి ఆధారమైన యూటీఎఫ్-8ని (అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి) 1992లో రాబ్ పైక్‌తో కలిసి రూపొందించిందీ ఆయనే. గ్రెప్ తెలుగు మాటల్ని చక్కగా వెతుకుతుంది. ఒక్క చిక్కుంది. 'వాడు' అని వెతికితే అరసున్న ఉన్న 'వాఁడు' దొరకదు. కోట్స్ మధ్యలో వా, అరసున్న, దాని వెంటనే స్టార్ గుర్తు, తర్వాత డు ఇవ్వండి. గ్రెప్‌లో స్టార్ అంటే 'ముందున్న గుర్తు ఉన్నా సరే, లేకపోయినా సరే' అని. అప్పుడు వాడు, వాఁడు రెండూ వస్తాయి.