31 హాళ్ళు రాసావు, ఒక్క సీటు కూడా రాయలేదు

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ మొన్న రాత్రే చదివేసా, వెంటనే రిప్లై ఇస్తే తిట్టేదాన్నని ఆగా, ఇప్పుడు కోపం తగ్గింది కాబట్టి కాస్త మర్యాదగానే ఉంటుందిలే. ముందు మంచి మాట. నీకు చెవి ఉంది, నీ వాక్యాలు పైకి చదువుతుంటే ఎక్కడా నాలిక తడబడలేదు, నీ వయసులో నాకది లేదు. ఇక అసలు సంగతి. హైదరాబాద్‌లో మాయమైన సినిమాహాళ్ళ మీద నాలుగు పేజీలు రాసావు, పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టా, 31 హాళ్ళ పేర్లున్నాయి. "ఆ రోజులే వేరు" అన్న ముక్క తొమ్మిదిసార్లు. ఇన్ని పేర్లు చదివాక కూడా నేను ఒక్క హాల్లో కూర్చోలేదు తెలుసా, ప్రతి గేటు దగ్గరా నిలబెట్టి పోస్టర్ చూపించి ఇంకో గేటుకి తీసుకెళ్ళిపోయావు. పేర్ల లిస్టు చూసి ఆ ఏరియావాళ్ళు అవునవును అని తలూపుతారు, అంతే. కరీంనగర్‌లోనో కాకినాడలోనో కూర్చుని చదివేవాడికి స్కైలైన్ అయినా ఒడియన్ అయినా ఒకటే.

మూడో పేజీలో మాత్రం ఒక చోట ఆగిపోయా. ఆటో అతను "సంగీత్ దగ్గర దించాలా, ముందుకి పోనివ్వాలా" అన్నాడని ఊరికే ఒక లైన్ రాసి వదిలేసావే, అదిరా నీ వ్యాసం. సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్ లేదు, సంగీత్ చౌరస్తా ఉంది. హిమాయత్‌నగర్‌లో లిబర్టీ అని ఒక టాకీసు ఉండేదని అక్కడ రోజూ ఆగే పిల్లలకి తెలీదు, వాళ్ళకి లిబర్టీ అంటే సిగ్నల్ పేరు. ప్యారడైజ్ సంగతి ఇంకా తమాషా, టాకీసుని ఆనుకుని 1953లో చిన్న కేఫ్ లాగా మొదలైంది ఆ హోటలు, తర్వాత టాకీసు పోయింది, పేరేమో బిర్యానీకి అంటుకుని ఊళ్ళు దాటిపోయింది. అమీర్‌పేటలో సత్యం కొట్టేసి అదే జాగాలో 2023లో మల్టీప్లెక్స్ తెరిచారు, మాల్ పేర్లోంచి సత్యం మాత్రం తీయలేదు, తీస్తే జనానికి దారి ఎట్లా చెప్తారు మరి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎంఎం పోయి సుదర్శన్ 35 ఎంఎం మిగిలింది, పెద్దన్న పోతే చిన్నోడు దుకాణం చూసుకుంటున్నట్టు. ఇట్లా పోయిన హాళ్ళని ఈ ఊరు అడ్రసులు చేసుకుని పొద్దున లేస్తే నోటితో పలుకుతూనే ఉంది, ఎందుకు పలుకుతోందో తనకే గుర్తులేదు. ఈ దారం పట్టుకుని రాస్తే ఏ ఊరివాడైనా చదువుతాడు, వాడి ఊళ్ళోనూ ఇట్లాంటి బస్టాపు ఒకటుంటుంది.

ఇప్పుడు రెండో పేజీ. "ప్రొజెక్టర్ వెలుగు మాయాజాలంలా తెర మీద పరుచుకుంది" అన్నావు. నువ్వెప్పుడైనా క్యాబిన్‌లోకి వెళ్ళావా? నాకు పదేళ్ళప్పుడు మా మేనమామ తీసుకెళ్ళాడు, ఆయనకి ఆపరేటర్ దోస్తు. వెనకవైపు ఇనప మెట్లు, పైన చిన్న గది, లోపల అడుగు పెట్టగానే ఇస్త్రీ బండి పక్కన నిలబడ్డట్టు వేడి. రెండు మిషన్లు పక్కపక్కన. ఒక్కోదానికి వెనక పెద్ద డబ్బా, అందులో రాగి పూత ఉన్న రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా, మొనలు తాకించి కొంచెం వెనక్కి లాగితే వెల్డింగ్ షాపులో వచ్చే వెలుగు. నేరుగా చూస్తే కళ్ళు పోతాయమ్మా అని నన్ను పక్కకి జరిపి ఆ ఆపరేటర్ మాత్రం నల్లద్దంలోంచి చూస్తున్నాడు. కడ్డీలు కాలేకొద్దీ మధ్యలో సందు పెరుగుతుంది, తెర మీద బొమ్మ మసకబారుతుంది, కింద ఈలలు మొదలవుతాయి. ఆయన టిఫిన్ బాక్సు పక్కన పెట్టి, ఎడం చేత్తో పిడి కొంచెం తిప్పి, బొమ్మ మళ్ళీ తెల్లబడ్డాక అన్నం కలుపుకున్నాడు.

సెకనుకి 24 ఫ్రేముల లెక్కన వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలొస్తుంది. రెండు రీళ్ళు ఒకే స్పూలుకి చుట్టుకున్నా ఇరవై రెండు నిమిషాలకోసారి ఒక మిషన్ నుంచి ఇంకోదానికి మారాల్సిందే. ఎప్పుడు మారాలో తెరే చెప్తుంది, కుడివైపు పై మూలన ఒక చుక్క మెరుస్తుంది, చూడగానే రెండో మిషన్ మోటార్ ఆన్ చెయ్యాలి, ఇంకో ఏడు సెకన్లకి మళ్ళీ చుక్క, అప్పుడు టక్కున మార్చెయ్యాలి. కింద వెయ్యిమంది చూస్తున్నా ఆ చుక్క ఎవరికీ పట్టదు. ఆ రోజు నుంచి నా ఖర్మ ఏంటంటే హీరో ఎంత ఏడ్చినా నా కళ్ళు ఆ మూలకే పోయేవి. అన్ని వారాలు అదే సినిమా వేసావు కదా బాబాయ్ కథేంటి అంటే "మొత్తం ఒక్కసారి ఎక్కడ చూసానమ్మా, ముక్కలు ముక్కలుగా చూసా" అన్నాడాయన.

ఇదంతా నీ వ్యాసంలో కుమ్మరించమని కాదు. మాయాజాలం, అనుభూతి, ఓ లోకం, ఇట్లాంటి మాట పడిన చోటల్లా ఆగి అక్కడ ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో వెతుకు. 2010 దాటాక నాలుగైదేళ్ళలోనే రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేసింది, చాలాచోట్ల బిల్డింగు కూలకముందే ఆపరేటర్ పని కూలిపోయింది. నువ్వు గోడలు కూలడమే రాసావు.

ఇంకో మాట, ఇది అక్కగా చెప్తున్నా కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తా. నీ నాలుగు పేజీల్లో ఆడమనిషి ఒక్కతి లేదు. ఈలలు, చింపిన పేపర్లు, కటౌట్లు, బ్లాకులో "దస్ కా బీస్, దస్ కా బీస్", పదిది ఇరవైకి అని గొణుక్కుంటూ తిరిగే కుర్రాళ్ళు, అన్నీ ఉన్నాయి, బానే ఉన్నాయి. మరి మీ అమ్మ ఎక్కడ కూర్చుంది? లేడీస్ కౌంటర్ వేరే ఉండేది, అక్కడ లైన్ చిన్నది, అందుకని మగపిల్లలు వచ్చి "అక్కా అక్కా, మాకూ రెండు తీసుకోవా" అని చిల్లర చేతిలో కుక్కేవాళ్ళు, ఊరూపేరూ తెలియని అన్నదమ్ములు ఒక్కసారిగా పదిమంది పుట్టుకొచ్చేవాళ్ళు నాకు. ఆ భాగం నవ్వుతూ రాయొచ్చు. ఇంకో భాగం ఉంది. మా పిన్ని సినిమాకి బయల్దేరేముందు పమిటకి రెండు పిన్నీసులు పెట్టుకునేది, ఒకటి పమిటకి, ఇంకోటి వెనక సీటువాడికి. పన్నెండేళ్ళకి నాకూ ఒకటి ఇచ్చింది, ఏం చెప్పకుండా ఇచ్చింది, లైట్లు ఆరాక ఎందుకిచ్చిందో అర్థమైంది. అంతకుముందు నిజాం కాలం హాళ్ళలో అయితే జనానా అని పర్దా కట్టిన భాగమే వేరు. సెకండ్ షో అనే మాట మీ నాన్నకి ఎంత తియ్యగా ఉంటుందో మా ఇంట్లో ఆడవాళ్ళకి అంత దూరం, పెళ్ళయ్యేదాకా నేను ఒక్క సెకండ్ షో చూడలేదు. అయినా ఆ హాళ్ళంటే నాకు ప్రాణం, పిన్నీసు చేతిలో పట్టుకునే ప్రాణం. ఈ రెండూ ఒకే పేరాలో పట్టాలి, పట్టకపోతే పేరా పెద్దది చెయ్.

ఇవన్నీ ఇంట్లోవాళ్ళని అడిగే రాయాలి, అయితే వాళ్ళు చెప్పిందల్లా నమ్మెయ్యకు, నీ జ్ఞాపకాన్ని నువ్వు అసలే నమ్మకు. పదిహేనేళ్ళ కింద నేనొక వ్యాసం రాసా, మా నాన్న భుజాల మీద కూర్చుని ఒక హాలు ముందు టికెట్ల కోసం ఎదురుచూసిన సీను, వాన, తడిసిన పోస్టర్, అబ్బో, రాస్తూ నేనే ఏడ్చా. పత్రికలో వచ్చాక మా అమ్మ చదివి "అది ఆ హాలు కాదే, అప్పటికి మనం ఆ ఇంట్లోనే లేం" అంది. నేను వాదించా. వాదన గెలుద్దామని అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళా, 1891లో ఆసఫియా పేరుతో మొదలైందే, ఆ లైబ్రరీ. పాత పేపర్ల బైండింగులు, పేజీ తిప్పితే అంచులు పొడిలా రాలి ఒళ్ళో పడతాయి. సినిమా యాడ్ల పేజీలో చిన్న అక్షరాల్లో ఆ వారం ఏ బొమ్మ ఎక్కడ ఆడిందో ఉంటుంది, రోజూ ఎన్ని ఆటలో కూడా. నేను రాసిన హాల్లో ఆ నెలంతా ఇంకేదో సినిమా నడిచింది. అమ్మే కరెక్టు. వాన మాత్రం నిజమేనంది, అదొక్కటే నాకు మిగిలింది.

సో నీ 31లో నువ్వు కళ్ళారా చూసినవి ఎన్ని? నీకు 27 ఏళ్ళు, నా లెక్కలో మూడో నాలుగో దాటవు, మిగతావి నాన్నవీ బాబాయివీ. అది తప్పేం కాదు, కానీ వాళ్ళ కబుర్లు విని నువ్వే బాల్కనీలో కూర్చున్నట్టు రాయడం తప్పు. "మా నాన్న చెప్తుంటే విన్నా" అని రాయి, ఆయన చెప్తున్నప్పుడు ఏం చేస్తున్నాడో రాయి, ఏ హాలు పేరు దగ్గర ఆగిపోయాడో రాయి. నాకైతే అదే ఎక్కువ ఆసక్తి.

చివరి పేజీలో మల్టీప్లెక్సుల మీద పడ్డావు, విలన్ కావాలి కదా కథకి. కాస్త తగ్గించు. 2003లో ప్రసాద్స్ ఐమాక్స్ తెరిచినప్పుడు మనమే లైన్లు కట్టాం. అంతకుముందే ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, మెయిన్ రోడ్డు మీద ఎకరాల జాగా రేటు పెరుగుతుంటే మార్నింగ్ షోకి నలభైమంది వచ్చే హాలు ఎవరు నడుపుతారు, ఓనరు కొడుకు కూడా మనలాంటి మనిషే. ఒక పేరా చాలు దానికి. నుమాయిష్ ఎగ్జిబిషన్ ముక్క తీసెయ్, 1938లో మొదలై ఇంకా ఏటా నడుస్తున్నదానికి అప్పుడే సంతాపం ఎందుకురా, అదీ నాంపల్లి గ్రౌండ్స్‌లో అంతమంది జనం మధ్య. సంధ్య, దేవి హాళ్ళు కూడా నడుస్తున్నాయి, "అన్నీ పోయాయి" అన్న వాక్యం కొట్టెయ్.

రెండో డ్రాఫ్ట్‌కి ఒక్క హాలు తీసుకో, ఒక్క ఆట, ఒక్క సీటు. ఏ హాలు అన్నది నేను చెప్పను, మీ అమ్మని అడుగు, ఏ సినిమా అని కాదు, ఎవరితో వెళ్ళింది, ఏ వైపు కూర్చుంది, ఇంటికి ఎట్లా వచ్చింది అని అడుగు. పిన్నీసు సంగతి నువ్వుగా ఎత్తకు, ఆవిడే చెప్తే చెప్తుంది. ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటా, వస్తే కాయితాలు ప్రింట్ తీసి పట్టుకురా, ఫోన్‌లో చదవడం నావల్ల కాదు. మా ఇంటి దారి గుర్తుందిగా, లిబర్టీ దగ్గర దిగి ఫోన్ చెయ్.

అక్క