పాదాలేవమ్మా?

అమ్మాయ్,

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన ‘లొరెటో మాత’ చిత్రం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. గుమ్మం పక్క గోడ పెచ్చు ఊడి లోపలి ఇటుకలు కనబడటం గమనించావు, సంతోషం. నా సంతోషం అక్కడితో సరి. పేజీ పేజీకీ ‘దివ్యకాంతి’ పొంగిపొర్లింది గానీ, ఆ పాదాల ఊసే లేదు!

రోమ్‌లో సాంత్ అగొస్తీనో చర్చిలో ఆ పటం ముందు నిలబడితే, మోకరిల్లిన యాత్రికుడి అరికాళ్ళు మన మొహం మీదికే వస్తాయి. మట్టి కొట్టుకుపోయిన అరికాళ్ళు. పక్కన ముసలమ్మ, ఆమె నెత్తిన మాసి చిరిగిన తలగుడ్డ. వీళ్ళని ‘భక్తులు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎట్లా మనసొప్పింది?

నీ వెలుగు ఎక్కణ్ణుంచో కురుస్తుంది, ఎక్కడా పడదు. కారవాజ్జో వెలుగు ఎడమపక్క పైనుంచి వస్తుంది. మరియమ్మ మెడ మీద, చంకలో బరువుగా ఉన్న పిల్లాడి ఒంటి మీద, జోడించిన చేతుల మీద పడుతూ ఆ అరికాళ్ళ దాకా దిగుతుంది. వెలుగు దేనిమీద పడిందో చెప్పు, చాలు. దివ్యమో కాదో నేను తేల్చుకుంటాను.

ఆయన ఏం వదిలేశాడో కూడా చూడు. నజరేతులో మరియమ్మ ఉన్న ఇంటిని దేవదూతలు గాల్లో ఇటలీలోని లొరెటో ఊరికి మోసుకొచ్చారని కథ. చిత్రకారులు ఆ ఎగిరే ఇంటినే వేసేవాళ్ళు. 1604 ప్రాంతంలో ఈయన దేవదూతల్ని పంపించేసి ఒక గుమ్మం వేశాడు, అందులో చెప్పుల్లేని తల్లిని నిలబెట్టాడు. తల చుట్టూ ఆ సన్నటి వలయం లేకపోతే, ఎవరొచ్చారో చూద్దామని పక్కింటామె బయటికొచ్చినట్టే ఉంటుంది.

గోల జరిగింది, జరగదూ మరి! బాలియోనే అని తోటి చిత్రకారుడు, 1603లో పరువునష్టమంటూ కారవాజ్జోని కోర్టుకీడ్చిన మనిషి, ఆ బురదకాళ్ళ సంగతీ జనం చేసిన రభసా తర్వాత తన పుస్తకంలోకి ఎక్కించాడు. పటం మాత్రం ఇప్పటికీ ఆ చర్చిలోనే ఉంది. ఆయనదే ఇంకో పటం, ‘మరియమ్మ మరణం’కి ఆ భాగ్యం లేకపోయింది. ఏ చర్చి కోసం వేశాడో ఆ చర్చి సన్యాసులే వద్దన్నారు, ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

మనకీ అలాంటివాళ్ళకి కొదవలేదు. నా తొలిరోజుల కథలో నాట్లేసే మనిషి మడమ పగుళ్ళలో ఎండిన బురద గురించి రెండు వాక్యాలు రాస్తే, ఓ వారపత్రిక సంపాదకుడు అవి కొట్టేసి ఆ జాగాలో సూర్యాస్తమయం పెట్టాడు. అడిగితే, “పాఠకులు కాఫీ తాగుతూ చదువుతారండీ” అన్నాడు. కథకి బహుమతొచ్చింది. సూర్యాస్తమయానికే ఇచ్చారని నా అనుమానం. ఇప్పటి కవిత్వంలోనూ అదే వరస, వెలుతురు పూలు, వెలుతురు నదులు. ఒక్కదానికీ నేల తగలదు.

పోటీకి పంపనా, కలం పేరు పెట్టుకోనా అని ఏవేవో అడిగావు. వాటి జోలికి నేను పోను. మూడో పేజీ మొత్తం తీసేసి, ఆ ముసలమ్మకి కనీసం ఒక పేరా ఇచ్చి మళ్ళీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, ఈ సైజు నా కళ్ళద్దాలకి ఆనడం లేదు.