గోల్‌పోస్టు నుంచి ఫైనాన్స్‌కి

ప్రశ్న: సార్, మాది చిత్తూరు, కట్టమంచి. వయసు 26, బీఎస్సీ చదివినాను. యూనివర్సిటీ టీమ్‌లో హాకీ గోల్‌కీపర్‌ని, భుజం దెబ్బతో ఆట ఆగిపోయింది. తిరుపతిలో ఒక కంపెనీ వాళ్ళు ఫైనాన్షియల్ అడ్వైజర్ ఉద్యోగం ఇస్తామన్నారు, ముందుగా తెలిసినవాళ్ళ పేర్లు వంద రాసుకొని రమ్మన్నారు. అమెరికాలో మైక్ రిక్టర్ అనే ఐస్ హాకీ గోల్‌కీపర్ కూడా ఫైనాన్స్‌లోకి పోయాడని చదివినాను. నేనూ పోవచ్చా? బయోడేటాలో హాకీ రాస్తే నవ్వుతారా?

జవాబు: పోవచ్చు తమ్ముడూ, కానీ రిక్టర్ కథ మొత్తం చదివి పో. 1994లో న్యూయార్క్ రేంజర్స్ టీమ్ 54 ఏళ్ళ తర్వాత స్టాన్లీ కప్ (అక్కడి ఐస్ హాకీ లీగ్ ట్రోఫీ) గెలిచినప్పుడు గోల్‌లో నిలబడింది ఆయనే, ఆ ఫైనల్స్‌లో ఎదుటి టీమ్ ఆటగాడు పావెల్ బురే పెనాల్టీ షాట్‌ను ఆపింది కూడా ఆయనే. 2002లో పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళ) తగిలి పుర్రె చిట్లింది, అదే ఏడాది తలకు ఇంకో దెబ్బ, 2003లో రిటైరయ్యాడు. అంత పేరున్న మనిషి ఆ పేరు పట్టుకొని నేరుగా ఏ ఆఫీసులోనో కూర్చోలేదు. నలభైకి దగ్గరపడిన వయసులో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో చేరి, పిల్లల పక్కన కూర్చొని రాజకీయాలూ ఆర్థికశాస్త్రమూ చదివాడు. చదువు పట్టుకున్నాకే పర్యావరణ కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థలో (పెద్ద మదుపరుల డబ్బుతో కంపెనీల్లో వాటాలు కొనే సంస్థ) భాగస్వామి అయ్యాడు. ఆయనకు ఆట మీద సంపాదించిన డబ్బుంది, నీకు నెల జీతం కావాలి, ఆ తేడా మాత్రం మర్చిపోవద్దు.

ఇక ఆ వంద పేర్ల సంగతి. వాళ్ళకు కావలసింది నువ్వు కాదు, నీ ఫోన్‌లో ఉన్న కోచ్‌లు, సీనియర్లు, మేనమామలు. ఆ వందమందికీ వాళ్ళ స్కీములు అమ్మేసినాక నీ పని అయిపోతుంది. పైగా పేరులో అడ్వైజర్ అని ఉన్నంత మాత్రాన సలహాదారు అయిపోరు, ఫీజు తీసుకొని పెట్టుబడి సలహా ఇవ్వాలంటే సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) దగ్గర నమోదు కావాలి. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలన్నా ఎన్‌ఐఎస్‌ఎమ్ (సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) పరీక్ష పాసవ్వాలి. అది కష్టం కాదులే, వందకు యాభై వస్తే చాలు. కష్టమంతా ఆదాయంలో ఉంది: కమిషన్ ఏడాదికి ముప్పావు శాతం అనుకో, జనంతో కోటి రూపాయలు పెట్టించినా నీకొచ్చేది 75 వేలు, అంటే నెలకు 6,250. తిరుపతిలో గది అద్దెకే చాలీచాలనిది. కాబట్టి ఫిక్స్‌డ్ జీతం ఎంత, టార్గెట్ అందకపోతే ఏం చేస్తారు అని అడిగి, జవాబు కాగితం మీద ఇమ్మను. ఇవ్వకపోతే లేచి వచ్చేయ్.

నన్నడిగితే ముందు బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్ష రాయమంటాను. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, 30 ఏళ్ళ దాకా అవకాశం ఉంది, నీ బీఎస్సీ లెక్కలు ఇక్కడ పనికొస్తాయి. ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశ పరీక్షలో, గంటలో వంద ప్రశ్నలు, తప్పుకు ఆ ప్రశ్న మార్కులో పావు వంతు కోత, కాబట్టి తెలియనిదాన్ని వదిలేయడం నేర్చుకోవాలి. వచ్చిన ప్రతి బంతికీ దూకే గోల్‌కీపర్‌కి ఇది కొంచెం ఇబ్బందే. ఉద్యోగంలో కుదురుకున్నాక పెట్టుబడుల వైపు మళ్ళాలంటే అప్పుడు చదువుకోవచ్చు.

బయోడేటాలో హాకీ తప్పకుండా రాయి, ఎవరూ నవ్వరు. క్రమశిక్షణ, టీమ్ స్పిరిట్ అని మాత్రం రాయొద్దు, ఆ ముక్క అందరూ రాస్తారు. టోర్నమెంట్లకు పోయినప్పుడు టీమ్ రైలు టికెట్లు, భోజనాల లెక్క ఎప్పుడైనా నువ్వు చూసుంటే అది రాయి, ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు.