రచయిత కావాలనుకునే వారికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో బడి ఉపాధ్యాయినిని. మహేంద్రతనయ నది ఒడ్డున ఇసుకలో ఒక శవం బయటపడడంతో మొదలయ్యే నవల సగం రాసి ఆగిపోయాను. వచ్చే నెల విశాఖపట్నంలో నేర కథా రచయితల సదస్సు రెండు రోజులు జరుగుతుందని, పోలీసు అధికారులు, ఫోరెన్సిక్ వైద్యులు, ప్రచురణకర్తలు వస్తారని తెలిసి పేరు నమోదు చేసుకున్నాను. రుసుము, బస కలిపితే నాకది పెద్ద ఖర్చే. ఉత్త చేతులతో తిరిగి రాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, నవల ఎక్కడ ఆగిపోయిందో ఆ ముడినే వెంట తీసుకువెళ్ళండి. సదస్సులో వినిపించే సాధారణ సలహాలు చాలావరకు పుస్తకాలలో ఉన్నవే. మీ కథకు మాత్రమే పనికివచ్చే సమాధానం మీరు అడిగితే తప్ప ఎవరి నోటా రాదు.

మీ ఉత్తరంలోనే అలాంటి ప్రశ్న ఒకటి ఉంది. పర్లాకిమిడి నుంచి నాలుగడుగులు వేస్తే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం, అంటే వేరే రాష్ట్రం, వేరే పోలీసులు. శవం ఒక రాష్ట్రంలో దొరికి, హత్య మరో రాష్ట్రంలో జరిగి ఉంటే కేసు ఎవరిది? 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. తరువాత దానిని పరిధి ఉన్న స్టేషన్‌కు పంపుతారు. ఇంతవరకు మీరు ఇంట్లోనే చదువుకుని వెళ్ళండి. ఒడియాలో రాసిన కాగితాలు శ్రీకాకుళం జిల్లా స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ చేతికి వస్తే ఆయన ఏం చేస్తాడు, అవతలి స్టేషన్‌తో మాట కలిపేది ఎస్సైనా, కానిస్టేబులా, ఈలోగా శవం ఎక్కడ ఉంటుంది అన్నవి పోలీసు అధికారిని అడగండి. చట్టం తెలిసిన మనిషి అడుగుతున్నదని గ్రహించినప్పుడు అధికారులు మనసు విప్పి మాట్లాడడం నేను చాలాసార్లు చూశాను.

వైద్యుడికి కూడా ఒక ప్రశ్న సిద్ధం చేసుకోండి. చనిపోయాక శరీరం గంటకు ఇంత చొప్పున చల్లబడుతుందనే లెక్కను మనవాళ్ళు చాలామంది చలి దేశాల నవలల నుంచి తెచ్చుకున్నారు. శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు కాగా, మే నెల మధ్యాహ్నం మన వైపు ఎండ కూడా దానికి దగ్గరగానో, అంతకు మించియో ఉంటుంది. అప్పుడు ఆ లెక్క పనిచేయదు. శవం బిగుసుకోవడం, ఆ బిగువు సడలడం కూడా వేడిలో త్వరగా జరుగుతాయి. మీ కథ ఏ నెలలో జరుగుతుందో, శవం ఇసుకలో ఎంత లోతున ఉందో చెప్పి, మరణించిన సమయాన్ని ఎంత ఖచ్చితంగా చెప్పగలరో అడగండి. "సరిగ్గా చెప్పలేము" అని ఆయన అంటే దిగులుపడకండి. ఆ అనిశ్చితిలోనే మీ అనుమానితులకు చోటు దొరుకుతుంది.

నా మొదటి సదస్సులో నేను ముందు వరుసలో కూర్చుని, నోట్సు పుస్తకం నిండా ఉపన్యాసాలు రాసుకున్నాను. వాటిలో తరువాత పనికివచ్చిన వాక్యం ఒక్కటి కూడా లేదు. అక్కరకు వచ్చిన మాట భోజనాల వరుసలో దొరికింది. పులిహోర విస్తరాకు చేత్తో పట్టుకుని నిలబడిన ఒక రిటైర్డ్ ఎస్సైగారిని శవ పంచనామాలో కష్టమేమిటని అడిగాను. చుట్టుపక్కల నివసించే కనీసం ఇద్దరు పెద్దమనుషుల ఎదుట పంచనామా జరగాలని చట్టం చెబుతుంది. "ఆ ఇద్దరినీ దొరికించుకోవడానికే మాకు సగం పూట పట్టేది బాబూ, వాసనకు ఎవరూ నిలబడరు, కోర్టు చుట్టూ తిరగాలంటే అసలే రారు" అన్నారాయన. సంతకం పెట్టనని మొండికేసే టీ కొట్టు యజమాని నా నవలలోకి ఆ రోజే వచ్చాడు. అందుచేత విరామాలను వృథా చేయకండి. సాయంత్రం బసకు చేరగానే ఎవరేమన్నారో వారి మాటల్లోనే రాసిపెట్టుకోండి. గుణుపురం పాసింజరులో తిరిగి వచ్చేటప్పుడు రాద్దామనుకుంటే సగం మరచిపోతారు.

ప్రచురణకర్తలకు రాతప్రతి చేతికి ఇవ్వకండి. పేజీకి మించని కథా సారాంశం, మొదటి అధ్యాయం దగ్గర ఉంచుకుని, వారు అడిగితేనే ఇవ్వండి. సారాంశంలో హంతకుడెవరో దాచవద్దు, ముగింపు తెలియకుండా వారు నిర్ణయం తీసుకోలేరు.

ప్రశ్న: అదే సదస్సులో కొత్తవారు తమ కథ నుంచి ఐదు నిమిషాలు చదవవచ్చునట. నా పాత్రలు బరంపురం తెలుగు మాట్లాడతాయి, మధ్యలో ఒడియా మాటలు దొర్లుతాయి. అక్కడివారు నవ్వుతారేమోనని ఆ భాగాలను దిద్దాలనుకుంటున్నాను. సరైనదేనా?

— ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: దయచేసి దిద్దకండి. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మీ పక్కనే పర్లాకిమిడి బడిలో మాస్టారుగా పనిచేసినవారు. సవర గిరిజనుల నోట విన్న భాషను నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం కూర్చినవారు. అలాంటి నేల మీద నుంచి వెళుతూ సాక్షి నోటి మాటను మార్చడం నాకు బాధగా తోస్తుంది. పైగా నేర కథలో మాట కూడా ఒక ఆధారమే. "నేను ఏనాడూ బరంపురం చూడలేదు" అన్న అనుమానితుడి నోట మీ ఊళ్ళో మాత్రమే వినిపించే పలుకు ఒకటి జారితే, దర్యాప్తు అధికారికి అంతకు మించిన ఆనవాలు ఏముంటుంది? శ్రోతలకు అర్థం కాని ఒడియా మాట ఉంటే, దాని భావం పక్క వాక్యంలో తెలిసేలా రాయండి, చాలు. చదివే ఐదు నిమిషాలకు ఇద్దరు మాట్లాడుకునే ఘట్టాన్నే ఎంచుకుని, గడియారం పెట్టుకుని ఇంట్లో మూడు నాలుగు సార్లు పైకి చదివి చూసుకోండి.