గుడ్డు రంగు కావాలంటే ముందు పుంజు సంగతి చూడు

అమ్మడూ,

గోధుమ రంగు గుడ్లకి మంచి ధర పలుకుతోంది, మన నాటు పెట్టల గుడ్లేమో పాలిపోయినట్టుంటాయి, దాణాలో ఏం కలిపితే రంగొస్తుంది పెద్దమ్మా అని అడిగావు కదా. ఏం కలిపినా రాదు తల్లీ. మునగాకు, అజొల్లా అనే నీటి మొక్క, మొక్కజొన్న వేస్తే లోపలి సొన ముదురు పసుపు తిరుగుతుంది, అది వేరే సంగతి. పెంకు రంగు పుట్టుకతో వచ్చేది, అందులో సగం తండ్రి వాటా. మనవాళ్లంతా పెట్టల్నే చూస్తారు, పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి దాని లోపల ఏ రంగు దాగుందో ఎవరూ పట్టించుకోరు, అక్కడే పని చెడుతోంది.

అలాగని పుంజుని మార్చగానే ఇప్పుడున్న పెట్టల గుడ్లు మారిపోతాయనుకోకు. పెంకు తయారయ్యేది తల్లి ఒంట్లోనే. ఒక గుడ్డుకి ఇంచుమించు రోజు పడితే అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే పోతుంది, గోధుమ రంగు మాత్రం చివరి గంటల్లో పైపూతలా పడుతుంది. గోధుమ గుడ్డు పగలగొట్టి పెంకు లోపలివైపు చూడు, తెల్లగానే ఉంటుంది. కొత్త పుంజు ఫలితం దాని కూతుళ్లు గుడ్డుకొచ్చాకే తెలుస్తుంది, అంటే పొదగడానికి 21 రోజులు, ఆ పైన ఆరేడు నెలలు.

ఈ గోధుమ రంగు ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు తలా కొంచెం వేస్తాయి. అందుకే ముదురు రంగు జాతి పుంజుని లేత రంగు పెట్టలతో కలిపితే కూతుళ్ల గుడ్లు మధ్యస్తంగా వస్తాయి. ఆ కూతుళ్లనీ వాటి తమ్ముళ్లనీ కలిపావా, ఒకటి లేత, ఒకటి ముదురు, ఇలా చెల్లాచెదురవుతాయి. నన్నడిగితే గోధుమ గుడ్ల జాతి అయిన రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుని తెచ్చుకో. రాజేంద్రనగర్‌లోని కేంద్ర పౌల్ట్రీ పరిశోధన సంస్థ వాళ్ల గ్రామప్రియ, వనరాజా కూడా గోధుమ గుడ్లే పెడతాయి, గుడ్ల కోసమైతే గ్రామప్రియ చాలా మంచిది, కానీ అవి సంకర కోళ్లు, వాటి పిల్లలు అచ్చం వాటిలాగే రావు. తెల్ల గుడ్ల జాతి అయిన వైట్ లెగ్‌హార్న్ పుంజుని మాత్రం దగ్గరికి రానివ్వకు, గుడ్ల సంఖ్య పెరుగుతుందేమో గానీ రంగు వెలిసిపోతుంది.

డేగ, కాకి, నెమలి అని ఈక రంగు చూసి పుంజుని ఎంచుకోవడం పందేలవాళ్ల పద్ధతి, గుడ్డు రంగుకి అది పనికిరాదు. కడక్‌నాథ్‌నే చూడు, ఈక, చర్మం, మాంసం అన్నీ నలుపే, గుడ్డేమో లేత గోధుమ. పుంజుని అమ్మేవాళ్లని దాని తల్లి పెట్టిన గుడ్డు చూపించమను. చూపించలేకపోతే ఇంకో చోట వెతుక్కో.

నీ పెట్టల్లో ఏది ఏ గుడ్డు పెడుతోందో కూడా నీకు తెలియాలి. కాళ్లకి రింగులు వేసి, గుడ్డుకొచ్చే వేళకి ఒక్కోదాన్ని విడిగా గంప కింద మూసి, గుడ్డు మీద పెన్సిల్‌తో నంబరు రాయి. ముదురు గుడ్లే పొదగేయి. పాత పుంజుని తీసేశాక కనీసం మూడు వారాలు ఆగాలి, ఎందుకంటే దాని వీర్యం పెట్ట ఒంట్లో అన్నాళ్లూ నిలవుంటుంది. రెండు మూడు మంచి నాటు పెట్టల్ని మాత్రం కలపకుండా అలాగే ఉంచు, పొదగడంలో వాటికి సాటి లేదు, రోడ్ ఐలాండ్ రెడ్‌లు పొదుగుకి కూర్చోవడమే అరుదు.

వీడియోలో చూసిన నీలం గుడ్ల సంగతి వేరు. చిలీ దేశపు అరకానా కోళ్లలో, చైనాలోని కొన్ని జాతుల్లో ఒకే జన్యువు ఆ పని చేస్తుంది, ఎప్పుడో ఒక వైరస్ ముక్క వాటి జన్యువుల్లో చేరడం వల్ల అలా అయిందని 2013లో బయటపెట్టారు. తల్లి నుంచైనా తండ్రి నుంచైనా ఒక్క కాపీ వస్తే చాలు. నీలం పెంకు లోపలిదాకా ఉంటుంది, దాని మీద గోధుమ పూత పడితే ఆకుపచ్చ రంగు గుడ్డు అవుతుంది. తలకి అంటుకుపోయినట్టు మూడు వరుసల జుట్టు (నెత్తి మీది ఎర్ర కండ) ఉన్న పిల్లల్లో నీలం జన్యువు ఉండే అవకాశం ఎక్కువంటారు, ఆ జుట్టు జన్యువూ నీలం జన్యువూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అది నిజమే. కానీ మన అసీల్ జాతి పందెం కోళ్లకి కూడా అదే జుట్టు, కాబట్టి అసీల్ కలిసిన మందలో ఆ గుర్తుని నమ్మొద్దు.

గుడ్ల కాలం సాగేకొద్దీ గోధుమ రంగు కాస్త వెలుస్తుంది, ఈకలు రాల్చి మళ్లీ మొదలెట్టాక ముదురుతుంది, దానికి టెన్షన్ పడకు. ఉన్నట్టుండి పాలిపోయి, పెంకు వంకరగా, పలచగా వస్తూ కోళ్లు గురకపెడుతుంటే మాత్రం అది జబ్బు, ఆ రోజే పశువుల డాక్టర్‌కి చూపించు. టీ డికాషన్‌లో ముంచి రంగేసే పని ఎవరు నేర్పినా చెయ్యకు, మన దగ్గర కొనేవాళ్లు పిల్లలకి పెట్టుకుంటారు.

సంక్రాంతి ముందు పుంజుల ధరలు మండిపోతాయి, కనుమ దాటాక కొను. బేరం ఆడేముందు దాని తల్లి గుడ్డు ఫొటో నాకు పంపు, చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ