డాప్లర్ స్కాన్‌లో రక్తప్రవాహం కనబడితే క్యాన్సరేనా?

మీ భార్యకు 29 ఏళ్లనీ, రొమ్ములోని గడ్డ లోపల రక్తప్రవాహం ఉందని పర్లాకిమిడిలో తీసిన డాప్లర్ స్కాన్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే అల్ట్రాసౌండ్) రిపోర్టులో రాశారనీ, అది క్యాన్సరేనా అనీ అడిగారు. ఆ ఒక్క మాటతో హడలిపోకండి. రక్తప్రవాహం లేదన్నారని నిశ్చింతగా ఉండటం కూడా అంతే పొరపాటు. ఆ పొరపాటు మా ఇంట్లో జరిగింది.

మాది రాయగడ. 46వ ఏట మా అక్క చేతికి గడ్డ తగిలింది. దగ్గరలోనే తీయించిన స్కాన్‌లో రక్తప్రవాహం ఏమీ లేదన్నారు. పెద్దమ్మాయి పెళ్లి దగ్గర పడటంతో మేమూ ఆ మాటే పట్టుకుని నాలుగు నెలలు ఊరుకున్నాం. గడ్డ పెరిగాక రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ఎక్కువ జెల్ రాసి, పరికరాన్ని చర్మానికి ఆనీ ఆనకుండా పట్టుకుంది. తెర మీద రంగులు వెలిగాయి! గట్టిగా నొక్కితే సన్నటి రక్తనాళాలు అణిగిపోయి రంగు కనబడదట. యంత్రాన్ని నెమ్మదిగా పారే రక్తానికి తగ్గట్టు సర్దకపోయినా అంతే.

ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అనుకుని బావగారు నీలం కనబడినప్పుడల్లా వణికిపోయారు. నిజానికి ఆ రంగులు దిక్కును మాత్రమే చెబుతాయి: సాధారణంగా పరికరం వైపు వచ్చే రక్తం ఎరుపు, దూరంగా పోయేది నీలం.

డాక్టర్లు చూసేది నాళాల తీరు. ఫైబ్రోఎడినోమా వంటి, క్యాన్సర్ కాని మామూలు గడ్డల్లో అవి తరచుగా అంచు చుట్టూ పద్ధతిగా ఉంటాయి. క్యాన్సర్ గడ్డ తన కోసం కొత్త నాళాలను పుట్టించుకుంటుంది కాబట్టి అవి వంకరటింకరగా బయటి నుంచి లోపలికి చొచ్చుకుపోతాయి. అయితే ఈ గీత చెరిగిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. చిన్న వయసులో పెరుగుతున్న ఫైబ్రోఎడినోమాలోనూ రక్తం బాగా పారవచ్చు. చీము గడ్డ చుట్టూ కూడా ప్రవాహం ఎక్కువే. మీ భార్య బిడ్డకు పాలిస్తున్నారా? ఆ రోజుల్లో రొమ్ముకు రక్తప్రసరణ సహజంగానే పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

రిపోర్టు చివర బైరాడ్స్ అనే అంకె ఉంటుంది, ముందు దాన్ని చూడండి. గడ్డ ఆకారం, అంచులు అన్నీ కలిపి వేసిన అంకె అది. 3 అయితే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేయమంటారు. 4 గానీ 5 గానీ అయితే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. అక్కకు 4 వేశారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఇరుగుపొరుగు చెప్పిన మాటలకు భయపడి మరో వారం పోగొట్టుకుంది. మత్తు సూది ఇచ్చాక దారప్పోగుల్లాంటి ముక్కలు తీశారు, అరగంటలో బయటికి వచ్చేసింది. క్యాన్సర్ అని తేల్చింది ఆ ముక్కలే, రంగులు కావు. ఆపరేషన్, కీమో అయి మూడేళ్లు దాటింది, ఇప్పుడు బాగానే ఉంది.

మీ రిపోర్టులో ఆ అంకె ఎంత ఉందో ఇక్కడ రాయండి. 4 లేదా 5 ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా ఈ వారమే బయలుదేరండి.