టీచర్ లోన్ మాఫీ ఫారం మీద తొందరపడి సంతకం పెట్టకండి

ప్రశ్న: గ్రీన్ కార్డు మీద డాలస్‌లో ఉంటున్నాను. పేద పిల్లలు ఎక్కువగా చదివే ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో గ్రేడ్‌కి ఆల్జీబ్రా చెబుతూ నాలుగేళ్లయింది. ఎం.ఎడ్. కోసం తీసుకున్న ఫెడరల్ లోన్ ఇంకా 41,000 డాలర్లుంది, అందులో 12,000 గ్రాడ్ ప్లస్ (పీజీ చదివేవాళ్లకి ఇచ్చే వేరే రకం ఫెడరల్ లోన్). ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్‌లో నెలనెలా కడుతున్నాను. ఐదేళ్లు నిండగానే మాఫీకి అప్లై చేయమని కొలీగ్స్ అంటున్నారు. మధ్యలో మెటర్నిటీ లీవ్ తీసుకున్నాను, పైగా మా స్కూల్ ఈ ఏడు లిస్టులో లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు లిస్టు సంగతి. మీరు చేరిన ఏడాది, పేద పిల్లలు ఎక్కువగా ఉండే స్కూళ్ల జాబితా అయిన ‘టీచర్ క్యాన్సిలేషన్ లో-ఇన్‌కమ్ డైరెక్టరీ’లో మీ స్కూల్ పేరుంటే చాలమ్మా, తర్వాత తీసేసినా అదే స్కూల్లో మీరు పనిచేసిన ఏళ్లు లెక్కలోకి వస్తాయి. ఆ ఏడాది పేజీ ప్రింట్ తీసి దాచుకోండి. లీవ్ గురించీ భయం అక్కర్లేదు. ఆ అకడమిక్ ఇయర్‌లో సగమైనా పనిచేసి, లీవు ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ కింద పెట్టుకుని, ఆ ఏటి కాంట్రాక్టు పూర్తయినట్టే స్కూల్ వాళ్లు పరిగణించి ఉంటే, మాఫీకి కావలసిన వరస ఐదేళ్ల లెక్క తెగదు. ఈ ముక్క డిస్ట్రిక్ట్ హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో "నో ప్రాబ్లమ్" అంటే సరిపోదు.

అసలు చిక్కు వేరే ఉంది, కొలీగ్స్ చెప్పనిది అదే. టీచర్ లోన్ ఫర్‌గివ్‌నెస్ కింద హైస్కూల్ మ్యాథ్స్, సైన్స్ టీచర్లకి గరిష్ఠంగా 17,500 డాలర్లు మాఫీ, స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లకీ అంతే, మిగతావాళ్లకి 5,000. మీకు పూర్తి స్టేట్ సర్టిఫికేషన్ ఉండాలి, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద నడిపిస్తుంటే కుదరదు. గ్రాడ్ ప్లస్‌కి ఇది వర్తించదు కాబట్టి మాఫీ మీ 29,000 లోంచే పోతుంది. అంటే 23,500 నెత్తిమీద అలాగే ఉంటుంది.

2007 చట్టంతో వచ్చిన పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ దారి వేరు. ప్రభుత్వ స్కూల్లో ఫుల్‌టైమ్ పనిచేస్తూ 120 నెలవారీ కిస్తీలు సరైన ప్లాన్‌లో కడితే డైరెక్ట్ లోన్‌లో (ఫెడరల్ ప్రభుత్వమే నేరుగా ఇచ్చే అప్పులో) మిగిలిందంతా పోతుంది, గ్రాడ్ ప్లస్‌తో సహా. స్కూల్ లిస్టులో ఉందా లేదా అన్న గొడవే లేదు. అయితే ఒకే సర్వీసు రెండింటికీ చెల్లదు. ఐదేళ్లు చూపించి 17,500 తీసుకున్నారంటే ఆ ఐదేళ్ల కిస్తీలు ఈ రెండో దారిలో సున్నా, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు, మొత్తం 15 ఏళ్లవుతుంది. తీసుకోకపోతే మీకు మిగిలింది ఇంకో ఆరేళ్లే.

కాబట్టి ప్రభుత్వ స్కూళ్లలోనే ఉంటానంటే ఆ 17,500 వదిలేయమంటాను. ఏడాదికోసారి స్కూల్ వాళ్లతో ధృవీకరించిన పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ ఫారం పంపి, మీ ఖాతాలో ఎన్ని కిస్తీలు లెక్కేశారో చూసుకుంటూ ఉండండి. ఇది మన రుణమాఫీలా ప్రకటించగానే ఖాతాలో పడే వ్యవహారం కాదు, కాగితం మీరే పంపాలి. అలా కాక, ఒకట్రెండేళ్లలో హైదరాబాద్ వచ్చేసే ఆలోచన ఉంటే ఐదో ఏడు పూర్తిచేసి 17,500 తీసేసుకోండి, ఇక్కడి స్కూల్లో చెప్పే పాఠాలు అక్కడి లెక్కలోకి రావు.

మీ చెల్లెలు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వస్తోందని చివర్లో రాశారు. ఆమెకి అసలు ఫెడరల్ లోనే రాదు, ఇక్కడి బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే అప్పుకి ఈ రెండు మాఫీలూ వర్తించవు.